ఎర్ర పట్టీ ఆగిన చోట

మేడ మీది గది,
మార్చి, మంగళవారం

పిడుగుకి,

నాకు మౌస్ పట్టుకోవడం చేతకాదని రాశావు. తప్పు. చేతనవును, ఇష్టం లేదు. నీకు వంట చేతకాదు, నాకు మౌస్ ఇష్టం లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకు. బల్ల మీద ఒక వస్తువుని అటూ ఇటూ రుద్దుతూ, తెర మీద ఇంకో వస్తువు దాని వెనకాల పరిగెడుతోందా లేదా అని కాపలా కాయడం నాకు మర్యాదగా అనిపించదు. నేను టైపు నేర్చుకున్న రోజుల్లో మా మేడమ్ మా చేతుల మీద గుడ్డ కప్పేది. అక్షరం ఎక్కడుందో వేళ్లకి తెలియాలి, కళ్లకి కాదు అనేది. పరీక్షలో మొదటి తరగతి వచ్చింది. మీ అమ్మని అడుగు, సర్టిఫికెట్ ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఇక కంప్యూటర్ సంగతి. పోయిన వారం తనని తాను బాగు చేసుకుంటానని మొదలుపెట్టి, మధ్యలో చేతులెత్తేసింది. ఇప్పుడు ఆన్ చేస్తే నల్లటి తెర, మూలన ఒక గీత కొట్టుకుంటూ ఉంటుంది. అంతే. కింది వీధి రిపేరు షాపతను వచ్చాడు, చూశాడు, నిట్టూర్చాడు. నేను కడుతున్న ఇండెక్స్, పుస్తకం చివర వేసే ఆ పదాల పట్టిక, మాత్రం ఎలాగో బయటికి తీసి, అగ్గిపెట్టె అంత డిస్కులో కాపీ చేసిపెట్టాడు. ఆ డిస్కు కంప్యూటర్‌కి వేలాడుతూనే ఉంటుంది. తీసి బల్ల మీద పెడితే మళ్లీ వెతుక్కోవాలి, నాకు వెతుకులాటకి ఓపిక లేదు. "పాతదైపోయింది బామ్మగారూ, పారేసి కొత్తది కొనండి" అన్నాడు. "నేనూ పాతదాన్నే, నన్నేం చేద్దామంటావు" అంటే నవ్వాడు. నేను నవ్వడానికి చెప్పలేదు.

ఇండెక్స్ 'మ' దగ్గర ఆగింది. నేను ఇండెక్స్ కడుతున్నది మామూలు పుస్తకానికి కాదని నీకు తెలుసు. విషాల డాక్టరుగారు ఉద్యోగమంతా చచ్చినవాళ్ల కడుపుల్లో ఏముందో చూస్తూ గడిపి, చివరికి అదంతా ఒక పుస్తకంగా రాశారు. ఏ విషం ఏ పేజీలో ఉందో వెంటనే దొరక్కపోతే ఆస్పత్రిలో ఒక మనిషి పోవచ్చు. అందుకే ఈ ఇండెక్స్ నాకే ఇవ్వమని ప్రెస్సు వాళ్లతో పట్టుబట్టారు. వానలు మొదలయ్యేలోపు ఇవ్వాలి.

నువ్వేదో కొత్త సిస్టమ్ పెన్‌డ్రైవ్‌లో పంపిస్తానన్నావు. పంపు. కానీ బొమ్మలున్నది వద్దు. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు సెలవులకి వచ్చి ఈ బల్ల ముందే కూర్చుని చేశావే, నీలం తెర, మధ్యలో బూడిదరంగు పలక, మౌస్ ముట్టుకోకుండా అంతా కీబోర్డుతోనే, ఆ రకం పంపు. తెర ఎలా ఉంటుందో వర్ణించకు. ఏ కీ ఎన్నిసార్లు నొక్కాలో రాయి. నీ అక్షరాలు చీమల బారులా ఉంటున్నాయి, ఆ చీమల్ని కాస్త మేపు.

ఫోన్ చేస్తే తేలిగ్గా చెప్తానంటావు. ఆకాశంలోంచి వచ్చే గుసగుసలు వినడం కోసం సెల్‌ఫోన్లు నిషేధించిన చోట ఉద్యోగం వెతుక్కున్నావు. అక్కడున్న ఒకే ఒక్క ఫోను దగ్గర, నీ వెనక నలుగురు వరుసలో నిలబడి గొంతు సవరించుకుంటూ ఉంటారు. ఉత్తరమే నయం.

మీ అమ్మకి ఈ సంగతి తెలియనివ్వకు. కంప్యూటర్ చెడిందంటే "ఇంకెన్నాళ్లమ్మా ఈ పని" అని మొదలుపెడుతుంది. బడిలో హెడ్మిస్ట్రెస్ కదా, ఇంట్లో కూడా లాంగ్ బెల్ కొట్టాలని చూస్తుంది.

అమ్మమ్మ

&nbsp;

యాంటెనాల మైదానం, వసతి గది,
మార్చి, ఆదివారం

అమ్మమ్మా,

ఒప్పుకున్నాను. నీకు మౌస్ చేతనవును. నాకు వంట కూడా చేతనవును, ఇష్టం లేదు.

పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే ఉంది. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, కాగితం ఆఫీసుది కాబట్టి నాకేం నొప్పి లేదు.

ఆ తెర మీద ఎప్పుడూ ఒక ఎర్ర పట్టీ ఉంటుంది. అది ఎక్కడ ఆగితే మనం అక్కడ ఉన్నట్టు. పైకీ కిందికీ బాణం కీలతో కదుపుతావు. జాబితాలోంచి కింద ఉన్న బొత్తాల మీదికి దూకాలంటే ట్యాబ్. "ఇది కావాలి" అని నక్షత్రం పెట్టడానికి స్పేస్. "సరే, పద" అనడానికి ఎంటర్. ఇంతే దాని భాష. ఎంటర్ ఒక్కటే తొందరపడకూడనిది, మిగతావి ఎన్నిసార్లు నొక్కినా కొంపలేం మునగవు.

ఏ పలకలో ఏం నొక్కాలో వేరే కాగితం మీద రాసి జతచేశాను. చాలావాటికి ఊరికే ఎంటర్ చాలు. కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టమంటుంది, నీ ఇష్టం. డిస్కుల జాబితా వచ్చినప్పుడు మాత్రం ఎంటర్ కొట్టేయకు. మొదటి వరుసలో ఉండేది ఈ పెన్‌డ్రైవ్, రెండోది నీ కంప్యూటర్ డిస్కు. కింది బాణం ఒకసారి నొక్కి, అప్పుడు ఎంటర్. ఆ డిస్కు మీద ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇండెక్స్ బయట భద్రంగా ఉంది కాబట్టి చెరిగినా బెంగలేదు.

భయపడకు, నువ్వు భయపడవనుకో. చివర్న ఒక ప్రశ్న వస్తుంది: "మార్పులన్నీ డిస్కు మీద రాసేయనా?" అంటుంది. అప్పటిదాకా అది డిస్కు మీద ఒక్క గీత కూడా గీయదు. ఆ ప్రశ్న దగ్గర పట్టీ 'వద్దు' మీదే ఉంటుంది. ట్యాబ్ నొక్కి 'సరే' మీదికి తెస్తేనే పని జరుగుతుంది. మంచి మర్యాద తెలిసిన ప్రోగ్రామ్, ఎవరి నోటా 'సరే' అని తనంతట తాను పలికించదు.

ఇక్కడ ఒక పక్షి ఎప్పుడో యాంటెనా గిన్నెలో గూడు కట్టింది, ఈ వారం పిల్లలు బయటికొచ్చాయి. ఎక్కడో ఒక నక్షత్రం చచ్చిపోతున్న చప్పుడు వినాల్సినవాళ్లం, ఒక రోజంతా పిల్లల కీచుకీచులు పోయేలా గూడుని పక్క స్తంభం మీదికి మార్చడంలో గడిపాం. తల్లిపక్షి మా ఇంజనీరు నెత్తి మీద ముక్కుతో సంతకం పెట్టింది.

నీ ఉత్తరంలో పేజీకి ఏడు వరుసలే ఉన్నాయి. కొత్త కలమా?

నీ పిడుగు

&nbsp;

మేడ మీది గది,
ఏప్రిల్, శుక్రవారం

పిడుగుకి,

కలం కాదు, మార్కర్. డబ్బాల మీద పేర్లు రాసుకునే రకం. కలం సిరా పల్చబడిపోతోంది, ఈ రోజుల్లో ఏ వస్తువుకీ చిక్కదనం లేదు. ఇంకో దిద్దుబాటు. 'కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టమంటుంది, నీ ఇష్టం' అన్నావు. నా ఇష్టం కాదు. మధ్యలో ఖాళీ ఉండకూడదట, పెద్ద అక్షరాలు కూడా పనికిరావట. 'మొండిఘటం' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

పని అయింది. నువ్వు రాసినట్టే చేశాను. నీ కాగితం పక్కన పెట్టుకోలేదు, ముందే కంఠతా పట్టేశాను. డిస్కుల దగ్గర కింది బాణం ఒకసారి, ఎంటర్. చివరి ప్రశ్న దగ్గర ట్యాబ్, ఎంటర్. ఈ మధ్య ఇంత సాఫీగా ఎవరూ నా మాట వినలేదు. పాస్‌వర్డ్ అడిగినప్పుడు నేను కొట్టేది చూపించకుండా నక్షత్రాలు పెట్టింది. నాకు బాగా నచ్చిన పలక అదే. అక్కడ ఎవరికీ ఏమీ కనిపించదు, అందరూ సమానం.

మళ్లీ ఆన్ అయింది. మొండిఘటం పలికింది. మీ అమ్మ మధ్యాహ్నం వచ్చి "ఏంటమ్మా, అంత హుషారుగా ఉన్నావు" అంది. "ఎండ తగ్గింది" అన్నాను.

ఇప్పుడు అసలు విషయం. తర్వాత ఇండెక్స్ తెరుద్దామని చిన్న డిస్కు కోసం చూశాను. ఆ పేరే లేదు. డిస్కు మాత్రం వేలాడుతోంది, చేత్తో తడిమి చూశాను. దాని మీద దీపం కూడా వెలుగుతోంది. లోపల ఇండెక్స్ లేదు. వెతికే చోటల్లా వెతికాను. రిపేరు షాపుకి వెళ్లి అడుగుదామనుకుని మెట్ల దాకా వెళ్లి ఆగాను. అతను ముందు నిట్టూరుస్తాడు, అది భరించలేను.

విషాల డాక్టరుగారు నిన్న ఫోన్ చేశారు. ఎక్కడిదాకా వచ్చిందన్నారు. 'మ' దగ్గర ఉందన్నాను. అబద్ధం కాదు, ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది ఆ 'మ'. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చుండిపోయాను. ఆయన పుస్తకం మొత్తం మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం నావల్ల అవుతుందా అని. పూర్వం ఈ ప్రశ్న వేసుకునే అలవాటు నాకు లేదు.

ఏమైందో రాయి. తిట్టకుండా రాయి. ఇంట్లో తిట్టే ఉద్యోగం నాది.

అమ్మమ్మ

&nbsp;

యాంటెనాల మైదానం,
ఏప్రిల్, బుధవారం

అమ్మమ్మా,

ముందు ఊపిరి పీల్చుకో. ఇండెక్స్ ఉంది. ఎక్కడికీ పోలేదు.

జరిగింది ఇది. నువ్వు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చిన్న డిస్కు కూడా తగిలించే ఉంది. అందుకని జాబితాలో రెండో వరుసలోకి అది వచ్చి కూర్చుంది, కంప్యూటర్ డిస్కు మూడో వరుసలోకి దిగింది. కొత్త సిస్టమ్ చిన్న డిస్కు మీద ఎక్కింది. కాపీ చెరిగిపోయింది. అసలుది, కంప్యూటర్ లోపలి పాత డిస్కులో, ఎక్కడిది అక్కడే ఉండాలి. దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. ఇప్పుడు ఆ సిస్టమ్‌లోంచే పాత డిస్కు తెరవొచ్చు. తెరిచి, ఇండెక్స్‌ని ఈ కవర్లో పంపుతున్న ఇంకో ఖాళీ పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసి నాకు పోస్టు చెయ్యి. ఏ కీలు నొక్కాలో వెనక పేజీలో ఉన్నాయి. నేను 'వచ్చింది' అని రాసేదాకా ఇంకేదీ కదపకు.

ఊపిరి పీల్చుకున్నావు కదా. ఇప్పుడు ఒక ప్రశ్న.

ఎర్ర పట్టీ రెండో వరుస మీద ఆగినప్పుడు ఆ వరుసలో డిస్కు తయారుచేసిన కంపెనీ పేరూ, అదెంత పెద్దదో అంకెలూ ఉంటాయి. చిన్న డిస్కుదీ, కంప్యూటర్‌దీ పోలికే ఉండదు. ఒక రచయిత ఫుట్‌నోట్‌లో తేదీ తప్పు వేస్తే పుస్తకం మొత్తం తిరగేసి పట్టుకున్న మనిషివి నువ్వు. ఆ వరుస నువ్వు చదవలేదా, చదవలేకపోయావా?

ఈ రెంటిలో ఒకటి కొట్టేసి పంపితే చాలు.

పిడుగు

&nbsp;

మేడ మీది గది,
మే, సోమవారం

పిడుగుకి,

చదవలేకపోయాను. నువ్వడిగినదానికి జవాబు అంతే, ఇక కింద రాసేదంతా సంజాయిషీ.

ఇండెక్స్ దొరికింది, ఈ కవర్లో పెట్టాను. దొరికిన నిమిషంలో కాఫీ పెట్టుకోవాలనిపించి లేచాను, మళ్లీ కూర్చున్నాను. ముందు కాపీ చెయ్యాలి కదా.

పోయిన ఏడాది నుంచి. కళ్ల డాక్టరు దానికొక పేరు చెప్పాడు. కళ్లజోడు మారిస్తే పోయేది కాదట, మందు లేదట. చుట్టూ ఉండే చూపు ఉంటుందట, మధ్యది పోతుందట. నువ్వు ఎదురుగా నిలబడితే నాకు నీ చెవులు రెండూ కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట పొగమంచు ఉంటుంది. మీ అమ్మ విషయంలో ఇది అప్పుడప్పుడూ సుఖంగానే ఉంటుందనుకో. పేజీలో ఏ పదాన్ని చూస్తే ఆ పదమే మాయమవుతుంది. దాని ఇరుగుపొరుగు పదాలన్నీ ఉంటాయి, అదొక్కటే ఇంట్లో ఉండదు. బతుకంతా పదాలు ఏ పేజీలో ఉన్నాయో చెప్పి బతికినదాన్ని, నాతోనే ఈ వేళాకోళం.

డాక్టరు ఇంకోటి చెప్పాడు. తిన్నగా చూడకండి, పక్కకి చూస్తున్నట్టు చూడండి, అలవాటైతే కొంత చదవొచ్చు అన్నాడు. ఓరచూపు చూస్తే మా అమ్మ తొడపాశం పెట్టి పెంచింది. ఇప్పుడు ఫీజు కట్టి అదే నేర్చుకుంటున్నాను. భూతద్దం పెట్టి, ఓరగా, ఒక్కో పదం. విషాల డాక్టరుగారి పుస్తకంలో పూర్వం ఒక పూటలో అయ్యే పని ఇప్పుడు వారం పడుతోంది. అయినా అవుతోంది.

మౌస్ సంగతి కూడా తేల్చేస్తాను. ఆ బాణం నాకు కనిపించదు. నేను దాన్ని వెతికే చోటే అది ఉండదు. మొదటి ఉత్తరంలో రాసిన గొప్పలు అందుకు. చేతుల మీద గుడ్డ కప్పిన మేడమ్ మాత్రం నిజం.

ఆ నీలం తెర అడిగింది అందుకే. అందులో వెతకాల్సిన బాణం లేదు. పట్టీ ఎక్కడుందో వేళ్లు లెక్కపెట్టుకుంటే చాలు, లెక్క తప్పనంతసేపూ నాకు చూపున్నట్టే. మిగిలింది కూడా పోయేలోపు, చూడకుండా యంత్రం నడపడం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కిటికీ దగ్గర ఒక మెత్తటి కుర్చీ వేస్తారు, అందులో నన్ను కూర్చోబెడతారు, వచ్చినవాళ్లందరూ కొంచెం గట్టిగా మాట్లాడతారు. నాకు వినపడదని ఎవరన్నారు? కళ్లు పోతే చెవులు కూడా పోతాయని జనానికి ఒక నమ్మకం. ఆ కుర్చీలో కూర్చునే వేషం నాకు నప్పదు, పిడుగూ. పని లేకుండా ఎలా ఉండాలో నేనెప్పుడూ నేర్చుకోలేదు, ఇప్పుడు నేర్చుకునే తీరిక లేదు.

మీ అమ్మకి చెప్పకు. బెదిరించడం లేదు, అడుగుతున్నాను. నేను అడగడం నీకు కొత్త కాబట్టి విడమరిచి రాస్తున్నాను.

అమ్మమ్మ

&nbsp;

యాంటెనాల మైదానం, వసతి గది,
మే, ఆదివారం

అమ్మమ్మా,

వచ్చింది. తెరిచాను. 'అ' నుంచి 'మ' దాకా ఒక్క వరుస కూడా చెడలేదు. మూడు చోట్ల కాపీ చేసి పెట్టుకుని, నీ పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే తిరిగి పంపుతున్నాను. కాస్త చదివాను కూడా. "అల్లుడు, అనుమానితుడిగా" అని ఒక వరుస, దాని కిందే "అల్లుడు, నిర్దోషిగా" అని ఇంకోటి. రెండోదానికి పేజీలు తక్కువున్నాయి. "కాఫీ, కలిపి ఇచ్చినవి" దగ్గర నా కప్పు పక్కన పెట్టేశాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నీ కళ్ల వల్ల ఒకటే కాదు. చిన్న డిస్కు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుందని నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు. పేజీకి ఏడు వరుసలని లెక్కపెట్టిందీ నేనే. వర్ణించకు, ఎన్నిసార్లు నొక్కాలో చెప్పు అని ఎందుకన్నావో ఆలోచించి, అర్థమై కూడా, అర్థం కానట్టు అంకెలు రాసి పంపాను. తిన్నగా అడిగితే నువ్వు తిన్నగా చెప్పేస్తావేమోనని భయమేసింది. చెప్పనంతవరకూ అది లేనట్టే కదా అనుకున్నాను.

అమ్మకి నేను చెప్పలేదు, చెప్పను. కానీ పోయిన నెల ఫోన్లో ఒక్క మాట అడిగాను: "అమ్మమ్మ కళ్లు ఎలా ఉన్నాయి?" అని. "బాగానే ఉన్నాయి, ఏం?" అంది. ఏం లేదన్నాను. అంతే. చెప్పాల్సింది నువ్వు, అమ్మమ్మా. నీ పనిని కాపాడుకోవడానికి దాస్తున్నావు, సరే. దాచడం కూడా ఒక పనే, అది నీ ఓపికంతా తినేస్తోంది.

ఇప్పుడు నీకు కావలసింది. అంకెలు మరచిపో. అదే పెన్‌డ్రైవ్‌లో ఇంకో దారి ఉంది, నేను మొదటే చెప్పాల్సినది. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చెయ్యి. ఒక 'బీప్' వినపడుతుంది. అప్పుడు 'ఎస్' కొట్టి ఎంటర్ నొక్కు. కాసేపటికి అది మాట్లాడుతుంది. తెర మీద రాసేదంతా చదివి వినిపిస్తుంది. జాబితా వస్తే ఒక్కో వరుసకీ నంబరు చెప్పి, పక్కనే పేరు చెప్తుంది. నీకు కావలసిన నంబరు కొట్టి ఎంటర్. ఎర్ర పట్టీ లేదు, లెక్కపెట్టేది లేదు. డిస్కు పేరు విని మరీ ఒప్పుకోవచ్చు. పని పూర్తయ్యాక కూడా ఆ గొంతు కంప్యూటర్లో ఉండిపోతుంది, నీ ఇండెక్స్‌ని నీకే చదివి పెడుతుంది. తెలుగు కూడా చదువుతుంది, ఉచ్చారణ నువ్వు భరించాలి.

నేను ఇక్కడ మానిటర్ మీద తువ్వాలు కప్పి చేసి చూశాను. రెండు చోట్ల దారి తప్పాను. మా ఇంజనీరు తలుపు తీసి, తువ్వాలు చూసి, తలుపు వేసేశాడు.

ఒక్క షరతు. చిన్న డిస్కు పీకేసి నీ ఒంటి మీద ఎక్కడైనా కట్టుకో.

ఈ నెలాఖరుకి సెలవు దొరికింది. వస్తున్నాను.

నీ పిడుగు

&nbsp;

మేడ మీది గది,
మే, గురువారం

పిడుగుకి,

"అమ్మకి చెప్పలేదు, అడిగాను" అన్నావు. మీ అమ్మ పాతికేళ్లుగా పిల్లల ముఖాలు చూసి ఎవరు కిటికీ అద్దం పగలగొట్టారో చెప్తున్న మనిషి. ఆమెని అడగడం, చెప్పడం రెండూ ఒకటే. నువ్వు 'ఏం లేదు' అన్న రోజు నుంచి నా మీద నిఘా పెట్టింది. నాకు ఆ సంగతి నిన్న తెలిసింది.

నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టాను. చిన్న డిస్కుకి తాడు కట్టి మెడలో వేసుకున్నాను, స్కూలు పిల్లల గుర్తింపు కార్డులా. బీప్ వినపడింది, 'ఎస్' కొట్టాను. ఒకాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. జలుబు చేసినవాడు నీళ్ల ట్యాంకులోంచి ఇంగ్లీషు మాట్లాడినట్టుంది. ఐదు నిమిషాల్లో అలవాటైపోయింది. మీ తాతగారికి అలవాటు పడటానికి ఇంతకంటే ఎక్కువే పట్టింది.

కీబోర్డు ఏ రకం అని ఆయన అడుగుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

"లోపల ఎవరమ్మా? మగ గొంతు వినపడుతోంది" అంది మీ అమ్మ.

"ఇన్‌స్టాలర్."

"ఎవరాయన? ఎక్కడున్నాడు?"

"పెట్టెలో."

వచ్చి నా వెనక నిలబడింది. ఆయన తన మానాన తాను ప్రశ్నలడుగుతున్నాడు, నేను జవాబులు కొడుతున్నాను. తెర మీద అక్షరాలున్నాయి, నా తల మాత్రం కిటికీ వైపు తిరిగి ఉంది. ఓరగా చూడటం కూడా మానేశాను, వినడానికి అడ్డం వస్తోందని. అది చూసింది. కాసేపటికి నా భుజం మీంచి చెయ్యి చాపింది.

"జరుగమ్మా, నేను నొక్కుతాను."

"చెయ్యి తియ్యి."

"ఊరికే చెప్తాను, ఇక్కడ మూడు..."

"చెయ్యి తియ్యమన్నాను. ఆయన చెప్తున్నాడు, నాకు వినపడుతోంది."

తీసింది. డిస్కుల జాబితా వచ్చింది. ఒకటో నంబరు పెన్‌డ్రైవ్. రెండో నంబరు నా కంప్యూటర్ డిస్కు, పేరుతో, సైజుతో. మళ్లీ చదివించుకున్నాను. మెడలో చిన్నది ఉందో లేదో తడుముకున్నాను. రెండు కొట్టాను. చివరి ప్రశ్న వచ్చింది, రాసేయనా అన్నాడు. ఈసారి నేను వెంటనే కొట్టలేదు.

"అడుగుతున్నాడు కదమ్మా" అంది మీ అమ్మ.

"విన్నాను. తొందరేముంది, మర్యాదగా అడిగినవాడు ఆగుతాడు."

'సరే' అన్నాను. పని మొదలైంది. ఎంత అయిందో ఆయనే మధ్యమధ్య చెప్తుంటాడు. పది శాతం అన్నాడు.

"ఎప్పటినుంచి?" అంది మీ అమ్మ.

"ఏది?"

"ఏదో నీకు తెలుసు."

ఆయన పదిహేడు అన్నాడు.

"పోయిన ఏడాది నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"పని మానేయమనేదాన్ని."

"చూశావా, జవాబు నీ దగ్గరే ఉంది."

నలభై దగ్గర ఏడ్చిందనుకుంటాను. ముఖం తెలియదు కదా, ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినపడింది. హెడ్మిస్ట్రెస్ ఏడుపు, వరుసలో వస్తుంది. తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు నేను నీకెలా కనిపిస్తున్నాను?"

"చెవులు. ఆ కమ్మలు బాగున్నాయి, కొత్తవా?"

"నువ్విచ్చినవే అమ్మా. పెళ్లి కాకముందు."

"అందుకే బాగున్నాయి."

అరవై రెండు అన్నాడాయన. మా ఇద్దరిలో ఎవరి వయసూ కాదు కాబట్టి పట్టించుకోలేదు. మీ అమ్మ నా చేతుల వైపు చూసింది. చూసిందని ఎలా తెలుసంటే, నా వేళ్లు ఇంకా కీల మీదే ఉన్నాయి, ఆమె తన చెయ్యి వాటి పక్కన పెట్టింది. కీల మీద కాదు, పక్కన. ఆ తేడా తెలుసుకున్నందుకు ఆమె మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం కొట్టేశాను.

చివరికి అంది: "మానేయమనను. కానీ అచ్చు కాగితాలు నేను చదువుతాను, సాయంత్రాలు వచ్చి. నువ్వు కొట్టు. భూతద్దం పెట్టుకుని నువ్వు పూటలో అయ్యే పని వారం చేస్తే పుస్తకం వానల్లోపు అవ్వదు."

"నీకు విషాలంటే అసహ్యం కదా."

"ఆరో తరగతికి లెక్కలు చెప్తున్నాను, ఇంకేం అసహ్యం ఉంటుంది."

నిన్న సాయంత్రమే మొదలుపెట్టాం. పాషాణాల పేర్లు హాజరు పిలిచినట్టు చదువుతుంది. ఒక్కో పేరు దగ్గర ఆగి, "ఇది మన ఇంట్లో ఉందా?" అని అడుగుతుంది. నేను కొట్టింది ఆ పెట్టెలో ఆయన తిరిగి చదువుతాడు, ఒత్తులన్నీ మింగేస్తాడు. మీ అమ్మ ఆయన్ని సరిదిద్దుతోంది. ఆయన వినడని చెప్పాను, బడిలోనూ ఎవరూ వినరంది. 'మ' దాటాం.

విషాల డాక్టరుగారికి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. ఇంకెవరికైనా ఇచ్చుకుంటారేమో ఆయన ఇష్టమని. అంతా విన్నారు. తర్వాత, "తప్పులు పడితే మీ అమ్మాయిని అనాలా, మిమ్మల్ని అనాలా?" అన్నారు. నన్నే అన్నాను. "అయితే సరే" అని పెట్టేశారు.

నెలాఖరుకి వస్తున్నావు. వచ్చేటప్పుడు బస్సు దిగాక ఏదైనా ఫ్యాన్సీ షాపులో గోళ్ల రంగు సీసా ఒకటి కొను. కీబోర్డు మీద ఎఫ్, జె కీలకి వేళ్లకి తగిలే గీతలుంటాయి, నావి అరిగి నున్నగా అయిపోయాయి. వాటి మీద ఒక్కో బొట్టు, ఎంటర్ మీద ఇంకో బొట్టు పెట్టాలి. బొట్టు ఉబ్బెత్తుగా నిలవాలి, కాబట్టి పల్చటిది వద్దు, సీసా వంచి చూస్తే నెమ్మదిగా జారేది చూసుకో. రంగు ఏదైనా ఒకటేనని రాయబోయాను. కాదు, ఎర్రది తే. నాకు కనిపించకపోయినా, నేనెక్కడ ఆగానో మీ అమ్మకి కనిపిస్తుంది. బ్రష్షు సన్నగా ఉండాలి. మూత గట్టిగా బిగించి, బట్టల్లో కాకుండా విడిగా సంచి పక్క జేబులో నిలబెట్టి తీసుకురా.

అమ్మమ్మ